బ్రెజిల్‌ల రెండు పొద్దులు

మా బాపు కుడిచెయ్యి పోయిన వానకాలంల భుజం కాడికొచ్చి ఆగిపోయింది. అంతకుమించి ఇంచు కూడ పైకి పోదు. తల దువ్వాలంటె మా అవ్వ దువ్వాలె, అంగీ తొడగాలంటె మా అవ్వ తొడగాలె. ఎముకల డాక్టర్ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పెద్దాయనా, భుజం గట్టిపడ్డది. గోలీలతోని కాదు. రోజు గోడ ముంగట నిలబడి, వేళ్ళు గోడ మీద పాకించుకుంట చెయ్యి పైకి తీస్కపో. చెయ్యకపోతె ఇది ఇట్లనే బిగుసుకపోతది, మల్ల నన్ను అనొద్దు" అని చెప్పిండు. దవాఖాన మెట్లు దిగకముందే బాపు తేల్చేసిండు. "నేనేమన్న బల్లినా, గోడ మీద పాకనీకి?"

ఆయనది బొగ్గుబాయిల ముప్పై ఏండ్ల పని. మా భూపాలపల్లిల గనిని బాయి అనే అంటరు. తట్ట, చెమ్మాస్ పట్టి బొగ్గు ఎత్తి టబ్బులు నింపినోడు. చెమ్మాస్ అంటె బొగ్గు ఎత్తే పెద్ద పార. అసొంటి మనిషికి పని లేకుండ చెయ్యి లేపుడంటె పిచ్చి లేచినట్టే లెక్క. "పైన ఏమన్న అందుకునేది ఉంటె చెప్పు, లేపుత. ఉత్తగ గోడను గోకుడేంది?" అనేటోడు. బతిలాడిన. తిట్టిన. రెండు రోజులు మాట్లాడుడు బంద్ చేసిన. నాకు ముక్కు మీదనే కోపం ఉంటది, ఆయనకది బాగ తెలుసు, అందుకే నేను మాట్లాడకుంటె ఆయన హాయిగ టీవీ చూసుకునేటోడు.

తల దువ్వుకునుడు ఒక్కటే అయితె నేను కూడ ఊకుందును. అసలు బాధ చాయ హోటల్ కాడున్నది. సాయంత్రం నాలుగైతె మా కాలనీ మూలమలుపు కాడ రిటైరైన బాయి దోస్తులు ఆరేడుగురు కూడుతరు. వచ్చేటోడు కుడి పిడికిలి పైకెత్తి "లాల్ సలాం" అనాలె, కూసున్నోళ్ళు అందరు పిడికిళ్ళెత్తాలె. యూనియన్ల తిరిగిన కాలం సంది అదే అలవాటు. నమస్తె పెడితె "ఏమన్న ఇన్సూరెన్సు చేపియ్యనీకి వచ్చినవా" అని ఆటపట్టిస్తరు. చెయ్యి ఆగిపోయినంక ఒకనాడు బాపు ఎడమ పిడికిలి ఎత్తిండు. "ఏందిర, పార్టీ మార్చినవా?" అని ఒకాయన అంటె అందరు పడిపడి నవ్విన్రట. బాపు కూడ నవ్విండు. తెల్లారి సంది హోటల్ బంద్.

చెయ్యి సంగతి చెప్పుకోనీకి నామోషీ. అందుకని మోకాలు నొస్తున్నదని కబురు పంపిండు. ఇగ ఆ అబద్ధం కాపాడుకోవాలె గదా, హోటల్ ముంగటికెల్లి పోయినప్పుడల్ల కుంటుకుంట పోయేటోడు. ఏ కాలో యాదికుండకపోవు. పోయేటప్పుడు కుడికాలు, వచ్చేటప్పుడు ఎడమకాలు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వకపోవు. నాలుగైతె గడియారం దిక్కు చూసి, మల్ల మొకం గోడకు తిప్పుకొని పండుకునేటోడు.

గా టైములనే జిమ్ము ఓనరు నా దగ్గరికొచ్చిండు. నేను గోడల మీద బొమ్మలేసి బతుకుత. జనగామల బడిగోడల మీద ఏనుగులు, మానుకోటల అంగన్వాడీల మీద జామకాయలు, బయ్యారం దిక్కు ఒక దవాఖాన గోడ మీద మేకంత దోమ, అన్ని నా చేతి పనులే. ఆ దోమను చూసి పిల్లలు లోపలికి రామని ఏడ్సిన్రని మల్ల నాతోనే దాన్ని తుడిపించిన్రు. ఈ ఓనరు ముప్పై ఏండ్ల మనిషి, మా కాలనీ పక్కన రేకుల షెడ్డుల జిమ్ము పెడుతున్నడు. ఒక గోడకు బీచు కావాలె, ఇంకో గోడకు మనిషి కండల చార్టు కావాలె. నాలుగు వారాలకు ఐతారం నాడు ఓపెనింగ్.

"బీచెందుకు తమ్మీ? మనకు చెరువున్నది, వాగున్నది" అని అడిగిన.

దానికాయన దగ్గర పెద్ద సిద్ధాంతమే ఉన్నది. "ప్రపంచంల మంచి బీచులన్ని పోర్చుగీసు మాట్లాడేటోళ్ళ కాడనే ఉన్నయక్కా. బ్రెజిల్ చూడు, పోర్చుగల్ చూడు, మొజాంబిక్ చూడు. గోవ కూడ ఒకప్పుడు వాళ్ళదే. బీచుంటె అంగీ ఇప్పాలె. అంగీ ఇప్పాలంటె కండలుండాలె. అందుకే వాళ్ళకు గా బాడీలు."

"మరి నువ్వు గోవకు పోయినప్పుడు ఇప్పినవా?"

"లేదక్కా. బనీను మీదికెల్లి అంగీ, అంగీ మీదికెల్లి టవల్ కప్పుకొని నీళ్ళల్ల దిగిన. అందుకే ఈ జిమ్ము." గంత ఖుల్లంఖుల్ల చెప్పినంక నేను కాదని ఎట్లంట?

ఫోన్ల మూడు ఫోటోలు పంపిండు. బ్రెజిల్‌ల కొపకబానా, పోర్చుగల్‌ల నజారే అనే ఊరి కాడ తాటిచెట్టును మించిన అల, మొజాంబిక్ ఒడ్డున తెరచాప పడవలు. "మూడు కలిపి ఒక్కటే బీచు చెయ్యక్కా, ఎవ్వడు పోయి చూసొస్తడు?" అన్నడు. నాకు ఈ పద్ధతి బాగ నచ్చింది.

ఇగ ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలె. నేను పుట్టి బుద్ధెరిగినంక సముద్రం చూడలె. నాకు నీళ్ళంటె చెరువే. ఫోటోలల్ల నీళ్ళు, ఆకాశం కలిసేకాడ ఒక సక్కటి గీత ఉన్నది. అసొంటి సక్కటి గీత నా ఎరుకల చెరువు కట్టకే ఉంటది. ఫోన్ చిన్నదాయె, దూరంది సరిగ కనబడలేదు, కట్టే అనుకున్న. ఇష్టంగ కట్ట వేసిన, దానికి రాళ్ళు పేర్చిన, ఒక తూము పెట్టిన, ఎడమ దిక్కు నిండిన నీళ్ళు పొర్లే మత్తడి దుంకిచ్చిన. నిజం చెప్పాలంటె గోడ మొత్తంల అదే బాగొచ్చింది.

పగటీలి మా అవ్వ బాపు చేత బువ్వ డబ్బా పంపింది. ఇంట్ల ఊకె కూసున్నడని ఆమె కావాలనే పంపింది. బాపు డబ్బా కింద పెట్టి గోడ చూసి, నడుం మీద చెయ్యేసుకున్నడు.

"ఏంది పిల్లా గిది?"

"బ్రెజిల్ సముద్రం."

"సముద్రానికి కట్టా? మత్తడా? ఏ మండలం కిందికొస్తది ఈ సముద్రం?"

మా ఇంట్ల సముద్రం మీద అధికారం బాపుదే. ఎన్నడో యూనియన్ మహాసభకు విశాఖపట్నం పోయినప్పుడు అర్ధగంట సముద్రం చూసిండు. ఆ అర్ధగంట గురించి మాకు ఇప్పటిదాక కొన్ని వందల గంటలు చెప్పిండు. "అవతలి ఒడ్డు కండ్లకు ఆనదే, ఆనని దానికి కట్టెట్ల పోస్తవు? సిగ్గుపోతది, తియ్ దాన్ని" అని తడిగుడ్డ గుంజుకొని తనే తుడుసుడు మొదలుపెట్టిండు. అలవాటు కొద్ది కుడిచేత్తోనే. కట్ట ఆయన భుజమంత ఎత్తుల ఉన్నది. మత్తడి పక్కన నేనేసిన గుడిసె దానికన్న నాలుగువేళ్ళు పైన. "అబ్బా" అని మూలిగిండు, పండ్లు గిట్టకరిచిండు, గాని ఆ గుడిసెను తుడిచేదాక చెయ్యి దించలే.

నా నోట్ల బువ్వ నోట్లనే ఉన్నది. పైన అందుకునేది ఉంటె లేపుత అన్నమాట యాదికొచ్చింది. మాట్లాడితె దించుతడని నాకు తెలుసు.

తుడిచినంక ఇసుక దిక్కు చూసి ఆయన దిగులు పడ్డడు. "ఇంత ఇసుక ఉత్తగ పడున్నదా వాళ్ళకు?" బాయిల బొగ్గు తీసిన ఖాళీ జాగల కప్పు కూలకుండ గోదావరి ఇసుక నింపుతరు. ఆయన వేళ్ళు మడిచి లెక్క చేసి, కొపకబానా ఒక్కటి తెస్తె తను పనిచేసిన బాయి ఆ మూల నుంచి ఈ మూల దాక నిండుతుండె అని తేల్చిండు. "గంత మంచి ఇసుక మీద అంగీలిప్పి పండుకుంటున్నరా? బుద్ధిలేనోళ్ళు."

తెల్లారి నుంచి నేను కావాలని తప్పులు చెయ్యవట్టిన. బాపు వచ్చేటాళ్ళకు రంగు తడిగ ఉండేటట్టు చూసుకొని, నిన్నటికన్న బెత్తెడు పైన ఒక తప్పు. అలల మధ్యల ఈదే బర్రె. పడవ మీద కల్లు లొట్టి. కొపకబానా వెనుక గుట్ట మీద ఓపెన్‌కాస్టుల మట్టి మోసే డంపర్. అది మాత్రం బాపు చాలసేపు తుడవలే. "ఈ గుట్ట అచ్చం మన మట్టికుప్ప లెక్కనే ఉన్నది గదా, డంపర్ ఉండనియ్" అని వాదించిండు. నేనే పట్టుబట్టి తుడిపించిన. నజారే అల మీద కొంగను కూసోబెట్టిన నాడు ఆయనకు నిజంగనే కోపమొచ్చింది. "నీకు బొమ్మలెవ్వలు నేర్పిన్రే? చెయ్యి విరగ్గొట్టాలె వానిది" అనుకుంట, కనుబొమ్మల ఎత్తుదాక చెయ్యి లేపి కొంగను మాయం చేసిండు. నేను అటు తిరిగి కొంగుతోని మొకం తుడుచుకున్న.

ఓనరు మాత్రం పరేషానయిండు. పొద్దున వచ్చినప్పుడు బర్రె ఉంటది, సాయంత్రం వచ్చేటాళ్ళకు ఉండదు. "అక్కా, బ్రెజిల్‌ల బర్రెలుంటయా?" అని భయపడుకుంట అడిగిండు. "నువ్వు నీళ్ళల్ల టవల్ కప్పుకున్నోనివి, నీకేం తెలుసు?" అంటె గమ్మున పోయిండు. పాపం, మంచోడు.

ఇగ కండల గోడ. ఫోన్ల చార్టు చూసి ఉన్నదున్నట్టు వేసిన. తోలు లేని మనిషి, ఎర్రగ కండలన్ని బయటికి. దారిన పోయే ఒకామె తొంగిచూసి, ఐతారం మటన్ కిలో ఎంతకిస్తరని అడిగింది. ఓనరు తల పట్టుకున్నడు. బాపుకైతె వేరే అభ్యంతరం. "వీడు జన్మల పని చేసినోడు కాదు. చూడు, రెండు దిక్కులు ఒక్క తీరుగనే ఉన్నయి. పని చేసినోనికి ఒక దిక్కు పెరుగుతది." తన అంగీ ఇప్పమని నాకే హుకుం చేసి, స్టూలు మీద అటు తిరిగి కూసున్నడు.

నేను ఆయన వీపు అంత సేపు ఎన్నడు చూడలే. కుడి భుజం ఎడమకన్న రెండు వేళ్ళంత కిందికి జారింది. కుడి రెక్క కింది కండ దొడ్డుగ, ఎడమది సన్నగ. నడుం కాడ ఒక్క దిక్కుకే గట్టిపడ్డ పట్టీ. నేను డెల్టాయిడ్, ట్రపీజియస్ అని చార్టుల పేర్లు చదువుతుంటె ఆయన ఒక్కటి ఒప్పుకోలే. "గిది చెమ్మాస్ కండ. బొగ్గు లేపి వెనక్కి ఎగజల్లితె గుంజుతది. నడుం కాడిది టబ్బు కండ. టబ్బు పట్టాలు దిగితె లేపనీకి. మెడ మీదిది టోపీ కండ. దీపం ఉన్న టోపీ ఎనిమిది గంటలు మోస్తె తెలుస్తది." నేను ఆ పేర్లే రాసిన, వంకర వంకరగనే ఆ వీపునే వేసిన. నా బడి ఫీజు, మా అవ్వ చీరలు, మా ఇంటి స్లాబు, అన్ని ఆ ఒక్క దిక్కు కండ మీదికెల్లే వచ్చినయని అప్పుడే నాకు సమజయింది. బాపు మాత్రం స్టూలు మీద కూసొని కునుకు తీసిండు.

ఇట్ల నడుస్తుంటె నా అతితెలివే నా కొంప ముంచింది. బాపు చెయ్యి ఏనాడు ఎంత పైకి పోయిందో తెలవాలని గోడ అంచుకు, నిచ్చెన వెనుక, రోజు చాక్‌పీసుతోని ఒక గీత గీసి తేదీ రాసిన. ఎవ్వలకు కనబడదనుకున్న. గాని నేను ఎవ్వలి ముంగట గీసిన? బాయిల పని చూసే సర్దార్ పైకప్పు తట్టి చూసి, బాగుంటె చాక్‌పీసుతోని తేదీ రాస్తడు. ఆ తేదీ చూసినంకనే కూలి మనిషి దాని కింద అడుగుపెడుతడు. ముప్పై ఏండ్లు ఆ తేదీలు చదివి పానం కాపాడుకున్నోడాయన. ఓపెనింగ్ ఇంక నాలుగు రోజులున్నదనంగ, బువ్వ డబ్బా కింద పెట్టుడుతోనె ఆయన చూపు సీద నిచ్చెన వెనుకకు పోయింది.

"ఇయ్యేంది?"

"సముద్రం లోతు" అని నోటికొచ్చింది చెప్పిన.

ఆయన కింది గీత నుంచి పైగీత దాక ఒక్కొక్క తేదీ చదివిండు. గోడ చూసిండు. నన్ను చూసిండు. "బర్రె నాకోసమేనా?"

నేను నిచ్చెన జరిపి గీతలకు అడ్డం పెట్టిన.

"ఇన్ని దినాలు నన్ను కోతిని ఆడిచ్చినట్టు ఆడిచ్చినవన్నట్టు" అని, తడిగుడ్డ బకెట్ల ఏసి పోయిండు. ఆ రోజు కుంటుడు కూడ మరిచిపోయి సీదగ నడుసుకుంట పోయిండు.

మూడు రోజులు రాలే. బువ్వ డబ్బా అవ్వనే తెచ్చింది. నేను ఇంటికి పోతె ఆయన మొకం గోడకు తిప్పుకున్నడు. నాకు ఏడుపొచ్చింది, దానికన్న ఎక్కువ కోపమొచ్చింది. మంచికే గదా చేసింది, గీత గియ్యకుంటె అయిపోవు గదా అని నన్ను నేనే తిట్టుకున్న. ఆఖరి రోజు అన్ని అయిపోయినంక, నిచ్చెనెక్కి, ఆకాశంల అసలు పొద్దు పక్కనే, ఎప్పుడు తడిగుడ్డ పెట్టినా పోయే సుద్దరంగుతోని ఇంకో పొద్దును వేసిన. గోడ మొత్తంల అదే అన్నిటికన్న పైన ఉన్న తప్పు. ఓనరు మొత్తుకున్నడు. "అక్కా, రేపు జనం వస్తరు, రెండు పొద్దులేందక్కా?" "పోర్చుగీసు మాట్లాడే కాడ రెండుంటయి" అని సామాను సర్దుకున్న.

ఐతారం పొద్దున షెడ్డు నిండ జనమే. ఓనరు కాలనీ పెద్దమనుషులని చాయ హోటల్ గుంపును కూడ పిలిచిండు. ఆరుగురు వచ్చిన్రు. వంకర వీపు బొమ్మ ముంగట నిలబడి, టబ్బు కండ, చెమ్మాస్ కండ అని చదివి, ఒకరి వీపు ఒకరు తడుముకొని, "అరే నాకిది ఎడమ దిక్కున్నది, నేను ఎడమచేతి వాటపోన్ని" అని లొల్లి చేసిన్రు. తర్వాత బీచు కాడికొచ్చి రెండు పొద్దులు చూసి పగలబడి నవ్విన్రు. నా బొమ్మ పరువు అట్ల పోయింది.

అప్పుడే దర్వాజ కాడ బాపు కనబడ్డడు. ఇస్త్రీ అంగీ. అవ్వ తీసుకొచ్చిందో, ఆయనే వచ్చిండో తెల్వది. పార్టీ మార్చినవా అన్న దోస్తే ముందుగ చూసి, పిడికిలెత్తి "లాల్ సలాం" అన్నడు. వెనుక ఐదు పిడికిళ్ళు లేచినయి. షెడ్డుల కసరత్తు మిషన్ల నడుమ నిలబడి అందరు ఆయన దిక్కే చూస్తున్నరు.

బాపు కుడిచెయ్యి లేపిండు. చెవి కాడ ఆగింది. ఇగ దించుతడు, ఇగ మోకాలు నొస్తున్నదంటడు అనుకున్న. దించలే. అట్లనే నాలుగడుగులేసి బీచు గోడ కాడికొచ్చి, ఇసుక మీద వేళ్ళు పెట్టిండు. ఒక్కొక్క వేలు పాకించుకుంట నీళ్ళల్లకు పోయిండు. కట్ట ఉన్న జాగ దాటిండు. బర్రె ఉన్న జాగ దాటిండు. కొంగ కూసున్న అల కాడ ఆగి ఊపిరి తీసిండు. గుట్ట ఎక్కిండు. మడిమెలు లేపి, మొకమంత చెమట పట్టి, ఆకాశం సగందాక పోయి అక్కడ గోడకు పిడికిలి బిగించిండు.

"లాల్ సలాం" అన్నడు గోడ దిక్కే చూసుకుంట.

ఎవ్వలు నవ్వలే. ఒకాయన మాత్రం, "మోకాలన్నవు గదర?" అని మెల్లగ అడిగిండు. "అదే మోకాలు నొప్పి భుజానికి పాకింది" అన్నడు బాపు.

తర్వాత నా దిక్కు తిరగకుండనే ఎడమచెయ్యి చాపిండు. "చాక్‌పీసు తే." ఇచ్చిన. కుడిచేతిలకు మార్చుకొని, పిడికిలి ఆగిన కాడ ఆ ఆకాశం మీదనే గీత గీసి, ఆ నాటి తేదీ రాసిండు, బాయిల సర్దార్ రాసినట్టే, వంకర అంకెలతోని.

ఆ గీతకన్న రెండో పొద్దు ఇంకో జానెడు పైన ఉన్నది. ఓనరు తడిగుడ్డ పట్టుకొని, "పెద్దబాపూ, జరుగుండ్రి, ఆ తప్పు పొద్దు నేను తుడిపేస్త" అని నిచ్చెన తెచ్చిండు.

"ఏయ్!" బాపు అరుపుకు షెడ్డంత ఉలిక్కిపడ్డది. "దాని జోలికి పోయినవంటె బాగుండది. అది నాది. నేనే తుడుస్త."